చప్పుడు విని ఎంచుకున్న రేజర్

సత్తయ్య మామకు చూపు పోయిందన్న సంగతి నాకు మొదట చెప్పింది సెలూన్ అంజన్న. 2022, కార్తీకమాసం, మంగళవారం. ఆ రోజు సెలూన్లకు సెలవు కాబట్టి నాచారంలోని మా దుకాణానికి రద్దీ ఎక్కువ. ఉప్పల్, బోడుప్పల్ సెలూన్ల వాళ్ళు కత్తెరలు, బ్లేడ్లు, పటిక, బ్రష్షులు కొనుక్కోవడానికి ఆ రోజే వస్తారు. అంజన్న ఎప్పుడూ అందరికంటే ముందు వచ్చి ముందు వెళ్ళిపోయే మనిషి. ఆ రోజు మాత్రం అందరూ వెళ్ళేదాకా బల్ల మీద కూర్చున్నాడు.

“చెల్లె, సత్తన్నకు కండ్లు పోయినయ్. షుగర్‌తోని. కొడుకు పిలిస్తే వారానికోసారి ఇంటికి వోయి గడ్డం జేస్తున్న. నిన్న గూడ వోయిన. సగం గీసినంక సూస్తే కండ్లకెల్లి నీళ్ళు. సబ్బు పడ్డదేమో అని తుడవబోతే, ‘సబ్బు కాదురా అంజిగా’ అన్నడు.”

సత్తయ్య మామ మా నాన్న కాలం నుంచి మా దుకాణంలోనే బ్లేడ్లు కొనేవాడు. పాత ఉప్పల్ వాడు. వాళ్ళకు ఒకప్పుడు ద్రాక్షతోట ఉండేది. అది ప్లాట్లయిపోయాక ఆయన నాచారంలో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, అక్కడే రిటైర్ అయ్యాడు. తెల్లవారగానే గడ్డం గీసుకోవడం, స్నానం చేయడం, దేవుడి దగ్గర దీపం పెట్టడం ఆయన నియమం. గడ్డంతో దేవుడి గదిలో అడుగుపెట్టడు. ఎవరూ పెట్టిన నియమం కాదు, ఆయనకై ఆయన పెట్టుకున్నది.

చూపు పోయాక కొడుకు శ్రీను భయపడి పాత రేజర్ పారేశాడు. షుగర్ ఉన్నవాళ్ళకు గాయం త్వరగా మానదు కదా, ఆ భయం తప్పు కాదు. దాని బదులు నాలుగైదు బ్లేడ్లు వరుసగా బిగించి ఉండే కార్ట్రిడ్జ్ రేజర్ తెచ్చిచ్చాడు. అది మెత్తగా జారిపోతుంది. ఎక్కడ గీసిందో, ఎక్కడ వదిలేసిందో మామకు తెలియక గీసినచోటే మళ్ళీ మళ్ళీ గీశాడు. మెడంతా ఎర్రటి పొక్కులు లేచాయి. అప్పుడు అంజన్నను పిలిపించారు. వారానికొకసారి అంజన్న వెళ్ళిన రోజు దీపం పెట్టుకుంటాడు. మిగతా రోజులు దేవుడి గది గడప బయటే కూర్చుని లేచిపోతాడు.

“నీ దగ్గర కండ్లు లేనోళ్ళకు రేజర్ ఏమన్న ఉంటదా?” అని అడిగాడు అంజన్న.

“అట్లాంటిదని విడిగా ఏం రాదన్నా.”

“గట్లయితె ఉన్నవాట్లనే జూసి ఎంచు. వారం వారం పోతె నాకు గిరాకే. కాని ఆయన ముఖం ఆయన చేతికే ఇయ్యాలె చెల్లె. నాతోని కాదు ఇగ.”

నేను బడికి వెళ్ళి చదువుకున్నదాన్ని కాదు. ఇదే దుకాణం వెనక గదిలో, బ్లేడు పాకెట్ల మీది అక్షరాలు చూపించి నాన్న నాకు చదవడం నేర్పారు. పని కూడా అలాగే నేర్పారు. ఆ రాత్రి దీపం ముందు కూర్చుని, ఈ ఒక్క బేరంలో నా చేయి తప్పుదారి పట్టకుండా చూడమని అడుక్కున్నాను.

రెండు రోజుల తర్వాత శ్రీను తండ్రిని ఆటోలో తీసుకొచ్చాడు. వెనకే అంజన్న. మామ గుమ్మం దగ్గర ఆగి గాలి పీల్చాడు.

“పటిక వాసన ఇంక గట్లనే ఉన్నది. బిడ్డా, ఆడపిల్ల గడ్డం సామాన్లు అమ్ముడేందని మీ నాయినతోని కొట్లాడినోన్ని నేనే. సూడు, ఇయ్యాల నీ దిక్కే రావట్టె.”

“నాన్న చెప్పారు మామా. నీ మాటకు ఆయన ఏమన్నారో కూడా చెప్పారు.”

“ఏమన్నడు?”

“‘గడ్డం ఉన్నోళ్ళందరికీ బుద్ధి ఉందా’ అన్నారట.”

అంజన్న పకపకా నవ్వాడు. మామ కూడా నవ్వాడు. శ్రీను మాత్రం నవ్వలేదు. “అక్కా, ఒక్క మాట. ఈడ ఇయ్యాల రక్తం వచ్చిందంటే ముచ్చట ఖతం. మల్ల రేజర్ ఊసెత్తొద్దు” అన్నాడు. మామ తల వంచుకుని “సరే” అన్నాడు.

సేఫ్టీ రేజర్ అంటే పాతకాలపు లోహపు రేజరే. రెండువైపులా పదును ఉన్న పలుచని బ్లేడు ఒకటి అందులో పడుతుంది, అందుకే డబుల్ ఎడ్జ్ అంటారు. కొనేటప్పుడు నేను మూడు సంగతులు చూడమంటాను. ఒకటి బరువు. రేజర్ బరువుగా ఉంటే దాని బరువే పని చేస్తుంది, చేత్తో నొక్కక్కర్లేదు. ఎక్కువమందికి తెగేది నొక్కడం వల్లే. రెండోది బ్లేడ్ గ్యాప్, అంటే పదునుకూ కింద ఉండే అంచుకూ మధ్య సందు. సందు తక్కువైతే చర్మానికి మెత్తన. మూడోది బ్లేడు మార్చే పద్ధతి. బటర్‌ఫ్లై రకంలో కింద పిడి తిప్పితే పైన రెండు రెక్కలు తెరుచుకుంటాయి, బ్లేడు పెట్టి మళ్ళీ తిప్పితే మూసుకుంటాయి. త్రీ పీస్ రకంలో టోపీ, పళ్ళెం, పిడి మూడూ విడివిడిగా వస్తాయి. మధ్యలో బ్లేడు పెట్టి మనమే బిగించుకోవాలి.

చూపు లేని మనిషికి బటర్‌ఫ్లై మేలని ముందే అనుకున్నాను. బ్లేడును ఎక్కువసేపు పట్టుకోనక్కర్లేదు. బరువైనది, గ్యాప్ తక్కువ ఉన్నది తీసి ఆయన చేతిలో పెట్టాను. పెట్టి, ఏళ్ళ అలవాటు కదా, కౌంటరు మీది అద్దం ఆయన వైపు తిప్పాను. అద్దం కీచుమంది.

“అద్దం తిప్పినవా?” అన్నాడు మామ.

నేను సిగ్గుపడి మళ్ళీ ఇటు తిప్పుకోబోయాను.

“ఉండనియ్ బిడ్డ. ఇంట్ల గూడ గంతే. మా శ్రీనుగాడు నన్ను గడ్డానికి తీస్కపోయి అద్దం ముందటనే నిలబెడ్తడు, లైట్ గూడ ఏస్తడు. నేను గూడ మెడ సాపి అద్దంలకే వంగుత. యాభై ఏండ్ల అలవాటాయె. గట్ల వంగితె మెడ మీద తోలు ముడతలు వడ్తది. పొక్కులు గాడనే లేసినయ్.”

శ్రీను తండ్రి వైపు చూశాడు. ఇంట్లో ఎవరికీ ఆ ఆలోచనే రాలేదని ఆ చూపులోనే తెలిసింది. అంజన్న వెళ్ళి వెనక గదిలో స్టూలు వేశాడు, గోడవైపు కాకుండా తలుపువైపు. మామను కూర్చోబెట్టి, వెన్ను నిటారుగా నిలిపి, నీళ్ళ గిన్నె, పటికబిళ్ళ ఎడమచేతికి తాకించి పక్కన బల్ల మీద పెట్టి, బ్రష్షుతో నురుగు రాశాడు. “అన్నా, ఎడమచేత్తోని తోలు గుంజి పట్టు. వేళ్ళు ఏడుంటయో రేజర్ గాడికి వస్తది” అన్నాడు.

మామ బటర్‌ఫ్లైతో చెంప మీద ఒక్క గీత గీసి ఆపేశాడు. “ఫ్యాన్ బంద్ చేయున్రి.”

ఫ్యాన్ ఆగింది. చర్లపల్లి వైపు పోయే లారీ హారన్ వినిపిస్తుంటే లేచి తలుపు కూడా వేశాను. ఆయన ఇంకో గీత గీసి తల అడ్డంగా ఊపాడు.

“ఇది గొణుగుతున్నది బిడ్డ. సక్కగ చెప్తలేదు. నా పాతది గడ్డం మీద వోతుంటె సర్రున ఇనవడేది. వెంట్రుక అయిపోయినకాడ సప్పుడు ఆగిపోయేది. గప్పుడు పక్కకు జరిగేది నేను. ఇయ్యాల నాకు కావల్సింది గదే.”

అప్పటిదాకా నేను ఆయన బదులు పని చేసిపెట్టే రేజర్ కోసం చూస్తున్నాను. ఆయనకు కావలసింది ఆయనకు కబురు చెప్పే రేజర్. గట్టి ఇత్తడితో చేసిన త్రీ పీస్ తీసి ఇచ్చాను.

శ్రీను అడ్డుపడ్డాడు. “నాయినా, గిది విప్పాలె, బిగియ్యాలె. బ్లేడు ఎట్ల వెడతవ్? వేలు తెగితె?”

“మిషిని కింద ఎల్లకిల పండుకొని, చెయ్యి లోపలికి వెట్టి బోల్టు బిగించేటోన్నిరా. గాడ కండ్లకు ఏం కనవడ్డది? వేళ్ళతోనే గద జేసింది. ఇటు దే.”

టోపీ తిరగేసి పెట్టాడు. అందులోని రెండు ముళ్ళను వేలితో తడిమాడు. బ్లేడును పదును లేని చిన్న అంచులు పట్టుకుని వాటిలోకి దింపాడు. పళ్ళెం పెట్టి, పిడి తిప్పి, చివర ఒక్కసారి మణికట్టుతో బిగించాడు. ఫ్యాక్టరీలో బోల్టు బిగించినప్పుడు కూడా చేయి అలాగే తిరిగి ఉంటుంది. తర్వాత రేజర్ చెంపకు ఆనించాడు.

సర్రుమనే ఆ చప్పుడు నాకు కూడా అప్పుడే స్పష్టంగా వినిపించింది. చెవి దగ్గర గరగరగా మొదలై, చెంప మీద పలుచబడి, ఆగిపోయింది. ఆగగానే ఆయన ఎడమచేతి వేళ్ళు ముందుకు జరిగాయి, వాటి వెంట రేజర్. మెడ మీది పాత పొక్కుల దగ్గర మాత్రం గీత పొట్టిగా, నిదానంగా సాగింది.

గడ్డం కింద ఎముక మలుపు తిరిగే చోట రేజర్ ఆగింది. తెల్లటి నురుగులో చిన్న ఎర్రచుక్క కనిపించింది. శ్రీను స్టూలు వైపు ఒక్క అడుగు వేశాడు. అతను చేరేలోపే మామ ఎడమచేయి పక్కనున్న బల్ల మీది పటికబిళ్ళ అందుకుంది. తడి చేసి, సరిగ్గా ఆ చుక్క మీదే అద్దాడు. కాసేపు అలాగే పట్టుకున్నాడు.

“ఏడ తెగిందో నీకు కనవడకముందే నాకు తెల్సింది కొడకా. తీసి సూపియ్యాల్నా?”

పటిక తీశాడు. రక్తం ఆగింది. శ్రీను వంగి దగ్గరగా చూశాడు. అతని నోటి నుంచి వచ్చే మాట కోసం ముగ్గురం ఎదురుచూశాం. అతను “ఎడమ దిక్కు ఇంక ఉన్నది నాయినా, కానియ్” అన్నాడు.

తర్వాత నెలలో బ్లేడ్ల కోసం శ్రీనే వచ్చాడు. “అక్కా, మా ఇంట్ల పొద్దుగాల టీవీ బంద్, మిక్సీ బంద్. నాయిన గడ్డం అయ్యేదాంక ఎవ్వరు గట్టిగ మాట్లాడొద్దు. స్నానమైనంక దేవుని గదిల గంట ఇనవడ్తది. గప్పుడు మా పిల్లలు టీవీ పెడ్తరు” అన్నాడు. విసుక్కుంటున్నట్టు చెప్పాడు గానీ, చెబుతున్నంతసేపూ ముఖం వెలుగుతూనే ఉంది. భగవంతుడికి మనసులోనే దండం పెట్టుకున్నాను.

అప్పటి నుంచి రేజర్ కోసం ఎవరొచ్చినా చర్మం సంగతి, గడ్డం సంగతి తర్వాత అడుగుతాను. ముందు రేజర్ చేతికిచ్చి ఊరుకుంటాను. మనిషి దాన్ని ఎలా పట్టుకుంటాడో, ఎక్కడ ఆగుతాడో చూస్తాను. ఆయనకు తెలిసింది ఆయన చేతిలోనే ఉంటుంది. నేను తొందరపడి చెప్పేస్తే అది బయటికి రాదు.

అంజన్న సెలూన్ ఇప్పుడు పీర్జాదిగూడకు మారింది. మంగళవారాలు రావడం తగ్గింది. ఒక ఇంటి గిరాకీని ఆ రోజు తన చేత్తో వదులుకున్నానని ఆయన ఎవరికీ చెప్పుకోలేదు, నాకు కూడా మళ్ళీ గుర్తు చేయలేదు. రేపు పొద్దున మీరు గడ్డం గీసుకునేటప్పుడు, మీకు గడ్డం లేకపోతే మీ ఇంట్లో ఎవరైనా గీసుకుంటున్నప్పుడు, కుళాయి కట్టేసి ఆ చప్పుడు కాసేపు వినండి. వింటూ మా అంజన్నను ఒకసారి తలుచుకోండి.