పేరు మార్చిన పాఠం

ఉద్యోగంలో నా చివరి నాలుగేళ్లు అమీర్‌పేటలో గడిచాయి. తెలుగు స్కూల్ అసిస్టెంటుగా ఉన్న నన్ను, బడి మానేసిన పిల్లల కోసం నడిపే కేంద్రానికి డిప్యుటేషన్ మీద పంపారు. అంటే జీతం పాత బడి నుంచి, పని ఇక్కడ. ఏడాదిపాటు చదివించి వాళ్లను ఓపెన్ స్కూల్ పదో తరగతి పరీక్షకు కూర్చోబెట్టాలి.

వచ్చినవాళ్లలో చాలామంది కూడబలుక్కుని చదివేవారు. ఆ స్థాయి పుస్తకాల్లో ఉండేవి కుందేళ్లూ తాబేళ్లూ. పదహారేళ్లవాళ్లు అవి పట్టుకోవడానికి సిగ్గుపడేవారు. అందుకని వాళ్ల బతుకుల్లోంచే చిన్న చిన్న వాక్యాలతో పాఠాలు రాయడం మొదలుపెట్టాను.

మమత అక్కడే నా దగ్గర చదివేది. పన్నెండేళ్లప్పుడు పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద తోటిపిల్లలతో చేరి మత్తు కోసం వైట్‌నర్ పీల్చడం అలవాటు చేసుకుంది. రెండేళ్లకు తనంతట తనే మానేసింది. మా దగ్గరికి వచ్చేనాటికి ఎస్.ఆర్. నగర్‌లోని ఒక ఆడపిల్లల హాస్టల్లో పొద్దున్నే చపాతీలు చేసి, పదింటికి తరగతికి వచ్చేది. ఎడమచేతి మీద మోచేయి దాకా కాలిన మచ్చ ఉండేది. నీ గురించి రాయనా అని అడిగితే రాయమంది, చదివేదెవరని నవ్వింది. ఆ నవ్వునే అనుమతి అనుకున్నాను.

పాఠంలో ఆమెకు లత అని పేరు పెట్టాను. వైట్‌నర్ సంగతి, హాస్టల్ వంటిల్లు, చపాతీలు, మచ్చ అలాగే ఉంచాను. అవి లేకపోతే పాఠం చప్పగా ఉంటుందనిపించింది. పాఠాలన్నీ పుస్తకంగా అచ్చువేసే ముందు ప్రూఫులు ఇద్దరు ఉపాధ్యాయులకు, మా పైఅధికారికి చూపించాను. మమతకు చూపించలేదు.

పుస్తకం మిగతా కేంద్రాలకూ వెళ్లింది. ఆ హాస్టల్లో గిన్నెలు కడిగే అమ్మాయి వేరే కేంద్రంలో చదివేది. ఆ పాఠాన్ని వంటింట్లో అందరికీ పైకి చదివి వినిపించింది. ఎవరి సాయమూ లేకుండా ఆమె చదవగలిగిన మొదటి పాఠం అదేనట. విన్నవాళ్లు మమత చేతి వైపు చూశారు.

మూడో రోజు మమత ఆ పుస్తకం తెచ్చి నా బల్ల మీద పెట్టి, పని పోయిందని చెప్పింది. ఏడవలేదు.

"పేరు మార్చిన్రు మేడమ్. చెయ్యి మార్చలే," అంది.

ఆ మధ్యాహ్నమే హాస్టల్ యజమానురాలిని కలిశాను. మర్యాదగానే కూర్చోబెట్టారు. మమత పనిలో ఏ లోపమూ లేదన్నారు. "కానీ అలాంటి పిల్లని వంటింట్లో పెట్టారేంటని తల్లిదండ్రులు అడిగితే నేనేం చెప్పనండీ?" అన్నారు.

మమత మళ్లీ తరగతికి రాలేదు. బల్కంపేటలో వాళ్ల ఇంటికి వెళ్తే తల్లి గుమ్మంలోనే నిలబడి, "మా చెల్లె కాడికి పోయింది. ఇగ రాదు," అంది. ఊరు పేరు అడిగాను, చెప్పలేదు. పరీక్ష మొదటి రోజు ఆమె హాల్ టికెట్ పట్టుకుని పరీక్షా కేంద్రం గేటు దగ్గర నిలబడ్డాను. ఆలస్యంగా వచ్చేవాళ్లను రానిచ్చే గడువు దాటాక గేటు మూశారు.

రెండో ముద్రణలో ఆ పాఠం తీసేయించాను. పిల్లలు అన్నిటికన్నా ఇష్టంగా చదివేది అదేనని, ఎందుకు తీశారని కొందరు ఉపాధ్యాయులు అడిగారు. కారణం చెప్పాను.

ఆ తర్వాత ఎవరి గురించి రాసినా ముందు వాళ్లకే చదివి వినిపించి, ఒక రోజు ఆగి మళ్లీ అడిగేదాన్ని. కొందరు వద్దన్నారు. వాళ్లు వద్దన్నవాటిలో బాగా కుదిరిన పాఠాలు ఉన్నాయి. అవి అచ్చు కాలేదు.