కానుగ తాగిన నీళ్లు

ఆళ్లగడ్డలో మా ఇంటి వాకిలంతా నాపరాళ్లే. ఎండాకాలం వాటి మీద కాలు పెడితే ప్రాణం జివ్వుమనేది. ఆ బాధ పడలేక మా అవ్వ ఒక బండ పెకలించి, ఆ మట్టిలో కానుగ మొక్క నాటింది. డెబ్బైల మొదట్లో మాట. స్నానాల గది నుంచి దాని మొదలు దాకా చిన్న కాలువ తీయించింది. మేం పోసుకున్న నీళ్లే దానికి ఆధారం.

చెట్టు నీడైతే ఇచ్చింది గానీ పూయలేదు. వీధిలో కానుగలన్నీ పూసినా మాది మొండికేసింది. అవ్వ దాన్ని రోజూ తిట్టేది. "ఏందే, ఇన్నిన్ని నీళ్లు తాగుతాండావ్, ఒక్క పువ్వన్నా చూపియ్యవా?"

ఆ పువ్వు చూడకుండానే అవ్వ పోయింది. వాకిట్లో బల్ల వేసి కడసారి నీళ్లు పోశారు. ఆ నీళ్లు ఎవరూ తొక్కకుండా విడిగా గుంత తీసి అందులోకి వదలాలి. ఏడుపుల్లో ఆ సంగతి ఎవరికీ తట్టలేదు. నీళ్లు అలవాటైన కాలువ పట్టుకుని కానుగ మొదట్లోకి పోయాయి. ముందు చూసింది అమ్మే. చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ ఎండాకాలం కానుగ విరగబూసింది. ఆకు కదలని మధ్యాహ్నాల్లో కూడా పూలు రాలేవి. చెట్టు చుట్టూ కాదు, బల్ల వేసిన చోటే ఎక్కువ, పాడె ముందు చల్లే బొరుగుల్లాగా. ఊడ్చి వెనక్కి తిరిగేలోపు మళ్లీ నిండేవి. ఇరుగుపొరుగు మా వాకిట్లోకి రావడం మానేశారు.

భయం లేనిది తాత ఒక్కడికే. మంచం చెట్టు కిందికి ఈడ్చుకుని పంట సంగతులు, పంటి నొప్పి అన్నీ చెప్పుకునేవాడు. మధ్యలో ఆగి ఎవరో చెప్పింది విన్నట్టు "ఊ" కొట్టేవాడు. ఆ కాసేపూ పూలు రాలడం ఆగేది. తలుపు చాటునుంచి నేనే చూశాను, నమ్మితే నమ్మండి.

చెట్టు కొట్టించమని నాయన ప్రాణం తీసింది అమ్మ. చివరికి గొడ్డలి పట్టుకుని మనిషొచ్చాడు. తాత మంచం దిగలేదు.

"దాన్ని ఒక తూరి సాగనంపినా. ఇంగో తూరి నాతో కాదప్పా," అన్నాడు.

వచ్చిన మనిషి తల గోక్కుని వెళ్లిపోయాడు. ఆ పూట అన్నం పెడుతుంటే తాత అమ్మతో, "నేను పోయినప్పుడు నా నీళ్లు గూడా ఆడికే పోనియ్యమ్మా," అన్నాడు.

"అట్లాంటి మాటలు నా ముందర అనొద్దు మామా," అంటూ అమ్మ విసురుగా లేచిపోయింది.

ఎనభైల్లో నాయన ఉద్యోగం నంద్యాలకు మారింది. తాత రానంటే రానన్నాడు. జబ్బు చేశాక బలవంతాన మా బాడుగింటికి తెచ్చుకున్నాం. ముసురు పట్టిన రోజుల్లో అక్కడే పోయాడు. వాగులు పొంగి ఆళ్లగడ్డకు దారి లేదు. వాకిట్లో ఆయనకు పోసిన నీళ్లు వీధి మురిక్కాలువలో కలుస్తున్నాయి. అమ్మ చూసింది. లోపలికి పరుగెత్తి చెంబు తెచ్చి బల్ల అంచు కింద పట్టింది.

వాగులు తగ్గాక అమ్మా నేనూ బస్సెక్కాం. చెంబుకు గుడ్డ కట్టి ఒళ్లో పెట్టుకుంది. పక్కనామె చంకలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది.

"అక్కా, పాపకు రోంత నీళ్లియ్యవా?"

"ఇవి తాగేటివి కాదమ్మా."

"మరి ఏంటివి?"

"మా మామవి," అంది అమ్మ. ఆమె పాపను ఎత్తుకుని వెనక సీటుకు పోయింది.

ఆళ్లగడ్డ ఇంటి తాళం తీసి అమ్మ నేరుగా చెట్టు దగ్గరికి నడిచింది. అవ్వ పోయాక దాని నీడలో ఆమె అడుగు పెట్టడం అదే మొదలు. గుడ్డ విప్పి చెంబు మొదట్లో వంచింది.

"అత్తా, మామను తెచ్చినా. అప్పుడు నిన్ను కొట్టేయమన్నా, మనసులో పెట్టుకోవద్దు."