ఒక్కసారే అడిగే ఇల్లు

మొన్న ఆదోని బస్టాండు ఎదురుగా ఒక తోపుడుబండి మీద నన్నారి షర్బతు సీసా మూత తీశారు. ఎండిన నేల మీద తొలివాన పడ్డప్పటి చల్లదనానికి బెల్లంపాకం తగిలినట్టుండే ఆ వేరు వాసనకు నడుస్తున్నవాణ్ణి నిలబడిపోయాను. "నిమ్మకాయ పిండమంటారా సార్?" అని బండివాడు అడిగాడు. వద్దని ముందుకు సాగాను. రోడ్డు మీద నిలబడి తాగే అలవాటు మా వంశంలో లేదు. వాసన మాత్రం పత్తి మార్కెట్టు సందు దాకా నా వెంట వచ్చి, అయిదో తరగతి పూర్తిచేసిన వేసవిలో నన్ను వదిలి వెళ్ళింది. నాకు కడుపుమంట అంటే ఏమిటో తెలిసిన వేసవి అది.

మాది ఆదోనిలో పత్తి మిల్లు ఉన్న కుటుంబం. ఉన్న అనే మాట నేను పుట్టేనాటికే సగం అబద్ధమైంది. తాత కాలంలో పత్తి దిగే రోజుల్లో మా గేటు నుంచి పెద్దరోడ్డు మలుపు దాకా బళ్ళు బారులు తీరేవట, గాలిలో ఎగిరే నూగుకు ఎద్దుల కనురెప్పలు కూడా తెల్లబడేవట. నాకు ఊహ తెలిసేటప్పటికి గేటుకు తాళం పడింది, ఇంటి వెనక కారు షెడ్డులో కట్టెలూ పిడకలూ చేరాయి. కారును నేను చూడలేదు, సిమెంటు నేల మీద అది కార్చిన నూనె మరకను చూశాను. ఆ మరక మీద కూర్చుని లేని స్టీరింగు తిప్పుతూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపానో.

అన్నీ పోయినా మా జేజి, అంటే నాయన తల్లి, మర్యాదను మాత్రం పోనివ్వలేదు. పరుల ఇంట్లో ఏదైనా పెట్టబోతే మొదటిసారి వద్దనాలి, రెండోసారీ వద్దనాలి, మూడోసారి బతిమాలినప్పుడే చెయ్యి చాపాలి. మొదటి మాటకే చాపేది ఇంట్లో కూడు లేనివాళ్ళని ఆమె లెక్క. మా ఇంటికి వచ్చినవాళ్ళను తానూ అట్లాగే మూడుమాట్లు అడిగేది, వంటింట్లో ఉన్నది మజ్జిగ ఒక్కటే అయినా సరే. ఇంకొకటి, మా ఇంట్లో ఎవరి పళ్ళెం వారిది. నడక వచ్చిన పిల్లవాడి నోట్లో అన్నం పెట్టడం మోటువాళ్ళ పని. అందువల్ల అమ్మ చేయి నాకు వడ్డించే చేయిగానే తెలుసు.

అమ్మది ఎమ్మిగనూరు. మా మామ, అంటే అమ్మ అన్న, మగ్గాల వీధిలో చీరలూ దుప్పట్లూ కొని ఊరూరా అమ్మేవాడు. ఏడాదికొకసారి, ఎండాకాలంలో, ఒక్క వారం అమ్మను పుట్టింటికి పంపడానికి జేజి ఒప్పుకునేది. అంతకుముందు నన్ను తన దగ్గరే ఉంచుకునేది, ఆ ఏడే మొదటిసారి నన్నూ పంపింది. బస్సు కిటికీ ఊచలు కాలుతుంటే అమ్మ నా చెవి దగ్గర వంగి చెప్పింది.

"నాయనా, ఆడ ఒగసారే అడుగుతారు. కావాలంటే కావాలను. తెలిసిందా?"

అమ్మ నన్ను పరీక్షిస్తున్నదనుకున్నాను.

మేము దిగేసరికి మామ ఇంట్లో ఉగ్గాని తయారవుతోంది. నానబెట్టి పిండిన బొరుగులు, దోరగా వేగిన ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, పైన చల్లిన పప్పులపొడి, పక్కన బాండలిలో నుంచి అప్పుడే తీసిన మిరపకాయ బజ్జీలు. వీధి పొడుగునా మగ్గాల టకటకలో కూడా ఆ నూనె చిటపట వినిపిస్తోంది. అత్త ప్లేటు నా ముందుకు తెచ్చింది.

"తింటావా అబ్బీ?"

"వద్దత్తా."

"సరేలే, బస్సుకు కడుపు తిప్పిందేమో" అని ఆమె ప్లేటు అట్లాగే తిప్పి తన కూతురు గిరిజ ముందు పెట్టింది. గిరిజకు ఎనిమిదేళ్ళు, ముందుపళ్ళు రెండు లేవు. ఆ పళ్ళు లేని నోటితోనే నా బజ్జీలు రెండూ, తన బజ్జీలు రెండూ, తొడిమలు మాత్రం మిగిల్చి తినింది. నేను వెన్ను నిటారుగా పెట్టుకుని రెండో పిలుపు కోసం కూర్చున్నాను. ప్లేటు కడిగి బోర్లించారు. మధ్యాహ్నం అడగకుండానే అందరికీ విస్తళ్ళు వేశారు కాబట్టి బతికాను.

మామ ఆ ఏడు ఒక పాత జీపు కొన్నాడు. టాపు చిరుగులకు దుప్పటి గుడ్డతోనే మాసికలు వేసుంటే చూసి నవ్వుకున్నాను గానీ, అది గుర్రుమని కదిలినప్పుడు మా షెడ్డులోని మరక గుర్తొచ్చింది. కారు ఉండవలసింది మాకు. "ముందర కూచుంటావా అల్లుడా?" అన్నాడు మామ మంత్రాలయానికి బయలుదేరుతూ. "వద్దు మామా" అనే మాట నా నోట్లో పూర్తికాకముందే గిరిజ ముందుసీటు ఎక్కి, మంత్రాలయం దాకా నా వైపు తిరిగి కాళ్ళూపుతూ కూర్చుంది.

దారిలో ఒక సోడా అంగడి దగ్గర ఆగాము. మామ అందరికీ నన్నారి కలిపిన గోలీసోడాలు చెప్పాడు. అమ్మ చెప్పులు జీపులోనే వదిలి, కొంగు నడుముకు దోపి, సీసా ఎత్తి, గోలీ గలగలమంటుంటే గటగటా తాగింది. ముక్కులోకి గాలి తన్నుకొచ్చి తేనుపు వచ్చింది. "సిన్నప్పటి మాదిరే ఉండావు గదమ్మా" అని మామ అన్నాడు. అమ్మ పకపకా నవ్వింది. మా ఇంట్లో అమ్మకు నవ్వు వస్తే కొంగు అడ్డం వచ్చేది. ఆమె పలువరుస ఇంత బాగుంటుందని నాకు పదేళ్ళు తెలియలేదు, వీళ్ళకు ముందునుంచీ తెలుసు. సగం తాగిన సీసాను అమ్మ గిరిజకు అందించింది. నా సోడా ఏమైందని అడుగుతారేమో, నేను వద్దన్నాను.

మంత్రాలయం మఠంలో స్వామి దర్శనమయ్యాక తుంగభద్రలోకి దిగాము. ఆ నెలలో నది రెండు మూడు పాయలుగా చిక్కి, మిగతాదంతా కాళ్ళు చుర్రుమనే ఇసుక. ఒడ్డున రాళ్ళ నీడలో జంపఖానా పరిచి, చిత్రాన్నం, చెనిక్కాయల పొడి, పూర్ణం పెట్టిన ఓళిగలు, బేనీషా మామిడిపళ్ళు దించారు. చివరికి అమ్మ పెరుగన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకుని అందరినీ చుట్టూ కూర్చోమంది. ముద్ద చేసి, బొటనవేలితో గుంట చేసి, అందులో మామిడికాయ ఊరగాయ పెట్టి ఒక్కొక్కరి చేతిలో వేసింది.

"నీకో నాయనా?"

నోట్లో నీళ్ళూరుతున్నాయి. "నాకొద్దు" అన్నాను.

రెండో వరుస వచ్చింది. మూడుమాట్ల సంగతి ఆ జంపఖానా మీద నాకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. ఆమె అడుగుతుంది, అడిగి తీరుతుంది అనుకున్నాను. గాజుల చెయ్యి నా మోకాళ్ళ మీదుగా గిరిజ వైపు పోయింది. మూడో వరుసలోనూ అంతే.

గిరిజ నోటి నిండా అన్నంతో అంది. "బావ కడుపును ఆదోనిలోనే పెట్టొచ్చినాడత్తా!"

అందరూ నవ్వారు, అమ్మ కూడా. గిన్నె గీకి ఆఖరి ముద్ద చేసి, అరచేతిలో పట్టుకుని నన్నే చూసింది. పెదవి కదపలేదు. నేను ఆమె మాట కోసం చూశాను, ఆమె నా చేయి కోసం చూసింది. గిరిజ పిచ్చుకపిల్లలాగా నోరు తెరిచింది. అమ్మ ముద్దను ఈసారి నేరుగా ఆ నోట్లోనే పెట్టింది.

ఆ తర్వాత హొస్పేట డ్యాము, అక్కడి తోటలో పిచికారీల నీళ్ళు, చెరకురసం, పుల్ల ఐసు, తిరుగుదారిలో తాటిముంజలు, అన్నిటికీ వెళ్ళాము. అందరి నాలుకలూ ఎర్రబడి, పచ్చబడి ఉంటే నేను గిరిజ నాలుకను చూస్తూ వారం గడిపాను. ఇంట్లో కూర్చుంటే విస్తరి ఉండేది, దారిలో నాకు నేననే "వద్దు" ఒక్కటే మిగిలేది.

ఆదోని చేరిన సాయంత్రం జేజి ఆకువక్క నములుతూ అడిగింది. "ఏం తినినావు నాయనా వారం దినాలు?"

ఏమీ అనకుండా ఉండవచ్చు. ఉండలేదు. అమ్మ రోడ్డు మీద సీసా ఎత్తి తాగిందని, పకపకా నవ్విందని, గిరిజకు నోట్లో ముద్ద పెట్టి నన్ను రెండోసారి అడగనే లేదని, ఒక్కటీ వదలకుండా చెప్పాను. చెబుతుంటే కడుపులో ఏదో చల్లబడింది.

జేజి వంటింటి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఏమమ్మా కోడలా, మా ఇంటి పిల్లోన్ని ఎండబెట్టి మీ అన్న బిడ్డను మేపినావంట గదా. బాగుండాది."

అమ్మ గడప దాకా వచ్చింది. కొంగు మళ్ళీ తల మీదకు చేరి ఉంది. జేజిని కాదు, నన్ను చూసింది. కోపం ఉంటే బాగుండేది, లేదు. పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

మరుసటి ఎండాకాలం జేజికి మోకాళ్ళ నొప్పి అడ్డమొచ్చింది. ఆపై ఏడు ఇంకేదో. అమ్మ వారం అట్లా పోయింది. పెళ్ళికో చావుకో పొద్దున పోయి సాయంత్రానికి తిరిగివచ్చేది. తరువాత కూడా ఎన్నో ఏళ్ళు నాకు వండింది, వడ్డించింది, పళ్ళెంలోనే. ఒక్క ముద్ద చేతిలో పెట్టమని నేను అడగలేదు. అడగడం నాకు నేర్పలేదు అంటే అది కూడా నిజం కాదు, బస్సులో ఆమె నేర్పింది.

ఇప్పుడు జేజి లేదు, అమ్మ లేదు, మామా అత్తా లేరు. మిల్లు స్థలంలో కల్యాణమండపం లేచింది. ఎమ్మిగనూరు వీధిలో మగ్గాల చప్పుడు కోసం చెవి పెట్టి నడిస్తే టీవీలు వినిపిస్తాయి. పోయిన నెల గిరిజ ఇంటికి వెళ్ళాను. మనవడిని ఒళ్ళో పెట్టుకుని పెరుగన్నం కలుపుతోంది. తల నెరిసింది, మాట తగ్గలేదు.

"ఎంత కలిపినా మీ అమ్మ చేతి ముద్ద రుచి రాదు బావా" అంది. "ఆ ఏడు ఏట్లో పెట్టింది సూడు, ఇప్పటికీ నా నాలిక మీద ఉండాది. ఉప్పో, ఆమె చెయ్యో తెలీదు. నీకైతే దినామూ తిన్న రుచి. ఎట్లుండేదో నువ్వే సెప్పు వీనికి."

పిల్లవాడు నా నోటి వైపు చూస్తున్నాడు. ఈ లోకంలో ఆ రుచి తెలిసిన మనిషి ఇప్పుడు ఆమె ఒక్కతే, ఆమె తర్వాత ఎవరూ ఉండరు. నలభై ఏళ్ళు పైబడిన ఆ ఇసుక మళ్ళీ కాళ్ళ కింద కాలింది.

"సెప్పలేం గిరిజా" అన్నాను. "తినినోళ్ళకే తెలుస్తాది."

"అంతే బావా, అంతే" అని ఆమె నన్నూ తనతో కలిపేసుకుంది.