వేడెక్కని ఇంజను, ఒప్పుకోని తమ్ముడు

రైలుగేటు పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే ఆయన్ని ఊరంతా డాక్టరు అని పిలిచేది. ఆ బిరుదు ఏ కాలేజీ ఇచ్చిందీ కాదు. పొడుగాటి స్క్రూడ్రైవరు కొనను ఇంజను మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకొని, కళ్లు మూసుకొని "ఊఁ" అనడం ఆయన అలవాటు. ఆ "ఊఁ" వినగానే కారు యజమానికి సగం ప్రాణం పోయేది. మిగతా సగం ఆయన నోరు తెరిచాక పోయేది.

ఆయన పేరంతా వేడి మీద సంపాదించిందే. ఊరు కొండవాలున ఉంది. ఎండాకాలం వస్తే కార్లు మెలికల దారి ఎక్కలేక పొగలు కక్కుతూ ఆగిపోయేవి. వాటిని తాళ్లతో లాక్కొచ్చి డాక్టరు షెడ్డులో పడేస్తే సాయంత్రానికల్లా చల్లబడి ఇంటికెళ్లేవి. ఏం చేశారని ఎవరైనా అడిగితే "చెప్పినా మీకర్థం కాదు లెండి" అనేవాడు. నిజంగానే ఎవరికీ అర్థం కాలేదు కాబట్టి గౌరవం ఇంకాస్త పెరిగింది.

ఊరంతటికీ డాక్టరే గానీ, ఆయన అక్కకు మాత్రం "ఒరేయ్". ఆమె ఇళ్లకు వెళ్లి కట్లు మార్చే, ఇంజెక్షన్లు ఇచ్చే నర్సు. ఒక పాత చిన్న కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాకా వీధులన్నీ తిరుగుతుంది. చలికాలం మొదలైన కొత్తలో ఒకరోజు షెడ్డు ముందు కారు ఆపింది.

"ఒరేయ్, ఇంజను వేడెక్కట్లేదురా."

"అదృష్టవంతురాలివి అక్కా. అందరూ వేడెక్కిపోతోందని నెత్తీనోరూ కొట్టుకుంటుంటే, నువ్వేంటి చల్లగా ఉందని ఏడుస్తావు?"

"ఎంత దూరం నడిపినా వేడి చూపించే ముల్లు లేవదే! కిందే పడుకుని ఉంటోంది. హీటరు వేస్తే మొహాన చల్లగాలి కొడుతోంది. పెట్రోలా, మంచినీళ్లు తాగినట్టు తాగేస్తోంది."

"ముల్లు పాడై ఉంటుందిలే" అని డాక్టరు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోకుండానే తేల్చేశాడు. సొంత అక్కకు అంత హంగామా దేనికి?

మీటరు మార్చాడు. కొత్త ముల్లు పాతదానికంటే హాయిగా పడుకుంది. వేడి కొలిచే సెన్సరు మార్చాడు. ముల్లు పక్కకైనా ఒత్తిగిల్లలేదు. మార్చడానికి ఇంకేమీ తోచక, "నువ్వు మరీ మెత్తగా నడుపుతున్నావక్కా, అందుకే వేడెక్కట్లేదు" అని అక్కనే మార్చబోయాడు.

ఆమె తాళాలు తీసుకొని వెళ్లిపోయింది. అనాల్సినవన్నీ మంచు కురిసిన ఒక పొద్దున్నకు దాచిపెట్టుకుంది. ఆరోజు లోపల అద్దమంతా ఆవిరి పట్టింది. హీటరు పనిచేస్తే కదా ఆరడానికి! ఒక చేత్తో స్టీరింగు, ఒక చేత్తో గుడ్డ పట్టుకొని తుడుచుకుంటూ మలుపు తిప్పి, నేరుగా రిటైరైన హెడ్‌మాస్టరుగారి పూలకుండీల్లోకి పోనిచ్చింది. దెబ్బ చామంతులకు తప్ప ఎవరికీ తగల్లేదు. హెడ్‌మాస్టరుగారు కట్టు కట్టిన కాలితో కుంటుకుంటూ బయటికొచ్చి, "నా కాలికి కట్టు మారుస్తారనుకున్నాను, కుండీలు కూడా మారుస్తారనుకోలేదు" అన్నారు.

కట్టు మార్చి, క్షమాపణ చెప్పి, బంపరుకు అంటిన మట్టి దులపకుండా ఆమె తిన్నగా షెడ్డుకు వచ్చింది. స్టూలు లాక్కొని తమ్ముడి ఎదురుగా కూర్చుంది.

"ఒళ్లు కాలిపోతుంటే జ్వరం అంటాం. మరీ చల్లబడిపోతే? ఆరోగ్యం బాగుందంటామా? అయినవాళ్లకు కబురు పెట్టమంటాం. ఇంజనుకు మాత్రం వేరే న్యాయమా?"

"అందుకే కదా చూద్దామంటున్నాను" అన్నాడు, అంతవరకూ ఆ మాటే అనని డాక్టరు.

కారు ఆ రాత్రి షెడ్డులోనే ఉండిపోయింది. మర్నాడు, పూర్తిగా చల్లారిన ఇంజనును స్టార్టు చేసి, రెండు నిమిషాలాగి అక్క చేతిని పట్టుకొని ఇంజను నుంచి రేడియేటరుకు వెళ్లే లావుపాటి గొట్టం మీద పెట్టాడు.

"లోపల నీళ్లు తిరిగే దారిలో థర్మోస్టాట్ అని చిన్న తలుపుంటుందక్కా. ఇంజను బాగా వేడెక్కేదాకా అది మూసుకునే ఉండాలి. అందాకా ఈ గొట్టం చల్లగా ఉండాలి. తలుపు తెరుచుకున్నాక ఒక్కసారిగా కాలాలి. చూడు, ఇప్పుడే గోరువెచ్చగా లేదూ? అంటే తలుపు తెరుచుకొని ఇరుక్కుపోయింది. కంపెనీవాళ్ల నాసిరకం సరుకు!"

జబ్బు దొరికిందన్న సంబరంలో, ఇంజను ఆపి కాస్త చల్లారగానే బోల్టులు విప్పి మూత తీశాడు. లోపల తలుపు తెరుచుకొని లేదు, మూసుకొని లేదు. అసలు తలుపే లేదు.

"ఎవడో దరిద్రుడు పీకి పారేశాడక్కా! అలాంటివాళ్ల చేతులు విరగ్గొట్టాలి."

"విరగ్గొట్టరా" అంది అక్క నింపాదిగా. "ఎండాకాలం కొండెక్కుతుంటే పొగలు కక్కిందని నీ దగ్గరే వదిలాను. కొన్నప్పటినుంచీ నీ చెయ్యి తప్ప దీనిమీద ఇంకో చెయ్యి పడలేదు."

డాక్టరు ఎంతో శుభ్రంగా ఉన్న పానాను ఇంకా శుభ్రంగా తుడవడం మొదలుపెట్టాడు.

"ఇంకెంతమందికి చేశావు ఈ వైద్యం?"

సమాధానంగా ఆయన కాలు బల్ల కింద ఏదో డబ్బాను లోపలికి నెట్టింది. గలగలమని చప్పుడైంది. అక్క వంగి బయటికి లాగింది. డబ్బా నిండా తుప్పుపట్టిన థర్మోస్టాట్లు, పీకిన పళ్లలా. కారు వేడెక్కిందంటే చాలు, రేడియేటరు పూడుకుపోయిందా, బెల్టు జారుతోందా అని చూడకుండా తలుపు ఊడబెరకడమే డాక్టరుగారి విద్య అంతా. నీళ్లు ఆగకుండా తిరుగుతాయి, ఇంజను చల్లబడుతుంది, పేరొస్తుంది. చలికాలం వచ్చేసరికి సగం ఊరు శాలువాలు కప్పుకొని కార్లు నడుపుతూ, పెట్రోలులో కల్తీ జరుగుతోందని బంకువాడిని తిట్టుకుంటోంది.

"కొత్తవి తెప్పించి అందరికీ పెట్టు. ఊరికే" అంది అక్క.

"ఊరికేనా?"

"ఊరికేనే. ఎందుకు పెడుతున్నావో కూడా చెప్పు. నీకు నోరు రాకపోతే నేను చెప్తాలే, ఎలాగూ ఇల్లిల్లూ తిరిగేదాన్నే."

ఆ బెదిరింపు పనిచేసింది. కొత్త థర్మోస్టాట్ వచ్చాక, టీ కాచుకునే గిన్నెలో నీళ్లు మరిగించి అక్క కళ్లెదుటే అందులో వేశాడు. అది వేడికి మెల్లగా నోరు తెరిచింది. అక్క కారుకు బిగించాక, ముల్లు బద్ధకం వదిలి లేచి, సగానికి వచ్చి నిలబడింది. రేడియేటరు కూడా కడిగించే దాకా అక్క స్టూలు దిగలేదు.

తర్వాత వచ్చింది టాక్సీ నడిపే ఆయన. డాక్టరు "ఈ మోడల్‌లో ఒక లోపం..." అని ఎత్తుకున్నాడు. అక్క దగ్గింది. డాక్టరు మొహం కందగడ్డలా అయింది. గొంతు తగ్గించి, "లోపం నాదే. తీయకూడనిది తీసేశాను. మీ పెట్రోలు నావల్లే తగలబడింది" అన్నాడు. అంత చిన్న మాటకు చెమటలు పట్టాయి. తిట్లు పడతాయని తల వంచుకొని నిలబడ్డాడు.

టాక్సీ ఆయన నోరు తెరుచుకొని చూసి, వెళ్లి స్టాండులో అందరికీ చెప్పాడు. ఆ వారమంతా షెడ్డు ముందు కార్లు బారులు తీరాయి. చెడగొట్టినవాడే బాగుచేస్తుంటే జనం ఇంకో ఊరు పోకుండా ఇక్కడికే వచ్చి దండాలు పెట్టారు. తప్పు ఒప్పుకున్నందుకు డాక్టరుకు పోయిన పరువు ఏమీ లేదు, పైగా రెట్టింపు వచ్చింది. ఎందుకొచ్చిందో ఆయనకే అర్థం కాక, కొన్నాళ్లు స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకోవాలంటే సిగ్గుపడ్డాడు.

ఆ మధ్య హెడ్‌మాస్టరుగారు కట్టు మార్పించుకుంటూ, "మీ తమ్ముడిలా తన తప్పు తానే ఒప్పుకునే మనిషి ఎక్కడ దొరుకుతాడమ్మా?" అన్నారు.

"ఎక్కడా దొరకడండీ" అంది నర్సు, ప్లాస్టరు అంటిస్తూ. "వీడు కూడా అంత తేలిగ్గా ఏం దొరకలేదు."