కత్తి మీది సుద్దరాత

గోల్ బజార్‌లో చేపల దగ్గర బేరమాడుతుంటే అత్త ఫోన్ చేసింది. "మీ మావయ్య లెగనేదే. టీ తెచ్చి ఎంత లేపినా లెగనేదు. బేగి రా," అంది. గొంతులో ఏడుపు లేదు, కంగారు మాత్రమే ఉంది. డబ్బులిచ్చి చేపలు అక్కడే వదిలేసి పరుగెత్తాను. "దీదీ, మాఛ్!" అని ఆ బెంగాలీ అతను, చేపలు మర్చిపోయానని వెనకనుంచి అరుస్తూనే ఉన్నాడు.

పెద్దకర్మ కూడా అయిపోయింది. నేను మాత్రం కుదురుగా కూర్చోలేకపోతున్నాను. వంటింట్లోకి వెళ్తాను, ఎందుకు వెళ్లానో మర్చిపోయి తిరిగొస్తాను. ఈ నాలుగు ముక్కలు రాయడానికి ఎన్నిసార్లు లేచానో నాకే తెలియదు. మీరు మావయ్యను ఎరగరు. ఎరిగినవాళ్లకి ఆయన గురించి ఒక అబద్ధం తెలుసు. ఆ అబద్ధం నాది.

మావయ్య మా అమ్మకి తమ్ముడు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత ఈ ఊరి రైల్వే వర్క్‌షాప్‌లో పనికి వచ్చాడు, మావయ్య రైల్వే యార్డులో చేరాడు. బండి బయలుదేరే ముందు దాని కిందా పక్కా చూసి, వెళ్లొచ్చు అనో వెళ్లకూడదు అనో చెప్పే ఉద్యోగం. చేతిలో పొడుగు పిడి సుత్తి. చక్రాన్ని ఒక దెబ్బ కొట్టి చెవి పెట్టేవాడు. మంచి చక్రం గంటలా పలుకుతుందట, పగులున్నది రేకు డబ్బాలా చప్పుడు చేస్తుందట. అనుమానం వస్తే వ్యాగన్ మీద సుద్దముక్కతో 'సిక్', అంటే జబ్బు బండి, అని రాసేవాడు. ఆ రాత పడ్డాక పెద్ద ఆఫీసరు వచ్చినా బండి కదలకూడదు.

"అనుమానమొస్తే ఆపీయడమే. తిట్లు తిందాం, పోనీ," అనేవాడు.

ఆయనకి కత్తుల పిచ్చి ఎలా పట్టిందంటే, ఒకసారి పార్సిల్ వ్యాన్‌లో పగిలిన పెట్టె కనబడింది. గడ్డిలోంచి కత్తిపిడులు బయటికి వచ్చాయి. మన కత్తులు కావు. ఎప్పుడో వందల ఏళ్ల కిందట యూరప్‌లో ఇనుప చొక్కాలు తొడుక్కున్న సైనికులు పట్టిన కత్తుల నకళ్లు. డెహ్రాడూన్ వైపు చేసి విదేశాలకి పంపుతారట. మావయ్య పెట్టె మీది అడ్రసు రాసుకుని వాళ్లకి ఉత్తరం రాశాడు. విదేశాలవాళ్లు వద్దన్న సరుకు ఈయనకి వచ్చేది. అలా తొమ్మిది కత్తులు పోగయ్యాయి. ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని వాళ్ల క్వార్టర్ ముందు గదిలో, అందరూ దేవుళ్ల క్యాలెండర్లు పెట్టుకునే గోడ నిండా అవే.

వానాకాలం వస్తే తుప్పు భయం. ఆదివారం ఆదివారం కత్తులు దించి, గుడ్డతో నూనె రాసేవాడు. "నా నెత్తికి నేని నూని ఈటికి రాత్తన్నాడు," అని అత్త సణిగేది. ఎవరైనా కొత్తవాళ్లు భయపడితే మావయ్య నవ్వి, "బాబూ, దీనికి వంకాయ కూడా తెగదు," అని అంచు మీద వేలు పెట్టి చూపించేవాడు.

కొత్త కత్తి వస్తే ముందు దారం కట్టి వేలాడదీసి, చిన్న సుత్తితో తట్టి వినేవాడు. పిడి పైని అడ్డపట్టీ దగ్గర ఒకసారి, మొన దగ్గర ఒకసారి. పిడి లోపలికి పోయే ఇనుప తోక ఒకే ముక్కగా ఉంటే ఒక మోత, సన్నటి బోల్టు అతికించి మోసం చేసుంటే ఇంకో మోత. అతుకు కత్తి అయితే దాని రేకు మీద సుద్దముక్కతో 'సిక్'. నూనె రాసినప్పుడు చెరిగితే మళ్లీ రాసేవాడు. గోడకి తగిలిస్తాడు కానీ ఎవరినీ ఊపనివ్వడు. వ్యాగన్లకీ కత్తులకీ ఒకటే రూలు. మాకు నవ్వులాటగా ఉండేది.

ఒక ఏడాది ఉగాదికి మా తెలుగువాళ్లం నాటకం వేశాం. రాజుల కథ, మేమే రాసుకున్నాం. నాకు అప్పటికి ముప్పై దాటింది, సుభాష్‌పల్లిలో స్కూల్ టీచరుని, నాటకం నడిపేది నేనే. అట్టకత్తులు రిహార్సల్‌లోనే వంగిపోతున్నాయి. మావయ్యని అడిగితే యార్డు నుంచే ఫోన్‌లో, "రాత నేనివి రెండున్నాయి, అవి తీసుకెల్లు," అన్నాడు. ఎవరు అడిగినా కత్తి కదపనివ్వని మనిషి, నేను అడిగానని ఒప్పుకున్నాడు.

వెళ్లాను. అత్త తాళం చెవి ఇచ్చి కుళాయి దగ్గరికి పోయింది. రాతలేని కత్తులు రెండూ నల్లగా, చప్పగా ఉన్నాయి. వాటి పక్కన బంగారు రంగు పిడితో ఒకటి మెరుస్తోంది. దాని మీద 'సిక్' అని ఉంది. స్టేజి మీద రెండు నిమిషాలు ఊపితే ఏమవుతుందిలే అనుకున్నాను. ఈయన చాదస్తం ఈయనది అనుకున్నాను. కొంగు చివరతో ఆ సుద్దరాత తుడిచేశాను. ఒక్క తుడుపు, అంతే.

నాటకంలో రాజు వేషం కట్టినతను ఆ కత్తి ఊపగానే రేకు పిడిలోంచి ఊడి ఎగిరింది. ఎదురుగా సేనాపతి వేషంలో ఉన్న గూడ్స్ గార్డు గారి ఎడమ చేతి మీద పడింది. అంచు మొద్దే కానీ బరువు బరువే. రెండు వేళ్ల ఎముకలు విరిగాయి. ఆయన శనివారం భజనల్లో హార్మోనియం వాయించేవారు. ఆ వేళ్లు ఇప్పటికీ పూర్తిగా మడతపడవు. హార్మోనియం ఇంకొకరికి ఇచ్చేశారు.

మావయ్య ప్రేక్షకుల్లోంచి వచ్చి, స్టేజి మీద ఆ రేకు తీసి వెనకా ముందూ తిప్పి చూశాడు. బొటనవేలితో రాత ఉండాల్సిన చోట రుద్దాడు. "దీనికి నాను రాయనేదా?" అన్నాడు. నన్ను అడగలేదు, తనను తానే ప్రశ్నించుకున్నాడు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. ఆయన అందరివైపూ తిరిగి, "తప్పు నాదే. గుర్తెట్టడం మరిసిపోనాను," అన్నాడు.

మొదట భయంతో చెప్పలేదు. తర్వాత సిగ్గుతో చెప్పలేదు. ఏడాది గడిచాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడుగుతారేమోనని చెప్పలేదు. నన్ను నేను తిట్టుకోవడం ఎంత తేలికో, చెప్పడం అంత కష్టమైంది.

ఆయన మాత్రం మారిపోయాడు. సర్వీసంతా తను పాస్ చేసిన బండి దారిలో ఆగలేదని చెప్పుకునే మనిషి, ఒక్కో చక్రాన్ని మూడేసిసార్లు కొట్టడం మొదలుపెట్టాడు. బండ్లు లేటయ్యాయి, పైనుంచి మెమోలు వచ్చాయి. చివరికి తనంతట తనే ఆఫీసు కుర్చీ అడిగి తీసుకున్నాడు. ఇంట్లో గ్యాస్ కట్టాడో లేదో నాలుగుసార్లు చూసేవాడు. బజారుకి బయలుదేరి సగం దారిలోంచి తాళం చూసుకోవడానికి వెనక్కి వచ్చేవాడు. కొత్త కత్తి మళ్లీ కొనలేదు. నెలకోసారి గార్డు గారింటికి వెళ్లి, కాసేపు ఆ చేతివైపు చూడకుండా కూర్చుని వచ్చేవాడు.

ఒకసారి చెప్పేద్దామని వెళ్లాను. కత్తులకి నూనె రాస్తున్నాడు. నా మొహం చూసి, "ఇంకా అదే మనసులో ఎట్టుకున్నావేటి? నీకేటి తెలుసు గుంటా, చిన్నపిల్లవి. నీకిచ్చే ముందు నాను సూసుకోవాల," అన్నాడు. నాకప్పటికి జుట్టు నెరుస్తోంది. ఆయన నన్ను ఓదారుస్తుంటే, ఓదార్పు తీసుకుని, టీ తాగి వచ్చేశాను. నా బతుకులో ఇంతకన్నా నీచమైన పని చేయలేదు.

ఆయన పోయిన ఐదో రోజున మధ్యాహ్నం అత్తకి చెప్పాను. అత్త నేల మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కొంగుతో తుడిచానని చెప్పేసరికి చేట పక్కన పెట్టింది. తెలుసులే అంటుందేమోనని, పోనీలే అంటుందేమోనని నా ఆశ. అత్తకి తెలియదు. ఆయనకీ తెలియదు.

"ఒక్క రోజు ముందైనా సెప్పి ఉంటే పడుకుందుడు కదే," అంది. "సరిగ్గా పడుకోక ఎన్నేళ్లో తెలుసా నీకు? మరిసిపోనాను, మరిసిపోనాను అని లెగిసి కూకునీవోడు."

నేను కాళ్లు పట్టుకోబోతే లాగేసుకుంది. "నాకు కాదు. నడు," అంది.

మా వాళ్లలో భర్త పోయిన మనిషి పెద్దకర్మ అయ్యేవరకు గడప దాటదు. అత్త దాటింది. చెప్పులు కూడా వేసుకోకుండా ఎండలో రోడ్డెక్కి నడిచింది. మైల కాబట్టి ఎవరి ఇంట్లోకీ అడుగు పెట్టలేదు. గార్డు గారి గేటు ముందు రోడ్డు మీదే నిలబడి పిలిచింది. ఆయన వచ్చారు. నేను చెప్పాను. ఆయన నా వంక చూడలేదు. "ఆయనొచ్చి కూకున్నప్పుడల్లా నాను మాట్లాడకుండా ఊరుకునీవోడ్ని," అని గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయారు.

అత్త అప్పటికే పక్క ఇంటికి కదిలింది. ఆ తర్వాత ఎదురింటికి. అక్కణ్నుంచి ఆటో పిలవమంది, నిమ్‌పురాలో మావయ్యతో పనిచేసిన వాళ్ల ఇళ్లకి. ప్రతి గేటు దగ్గరా ఇదే వరస. జనం అత్తను చూసి గతుక్కుమని, మొహాలు దించుకుని, చేతులు జోడించుకుంటూ బయటికి వచ్చేవారు. ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవారు. అత్త వాళ్లకీ తనకీ మధ్య అరచెయ్యి అడ్డం పెట్టి, కాలుతున్న తారు మీద ఒక కాలు మార్చి ఇంకో కాలు మోపుకుంటూ నిలబడి, "ఏడుపు తరవాత. ముందు ఇదేటి సెప్తాదో ఇనండి," అనేది.