నాయన లామినేషన్ చేయించిన పొగడ్త

నలుగురూ మెచ్చుకుంటే ప్రాణానికి సుఖమని నమ్మే వయసు ఒకటి నాకూ ఉండేది. ఇప్పుడెవరైనా పొగడబోతే ముందు కుర్చీ ఎక్కడుందా అని వెతుక్కుంటాను, నిలబడి వినే ఓపిక లేదు. ఆ ఓపిక అయిపోయింది కర్ణాటకలో ఉన్నా తెలుగే మాట్లాడుకునే మా బాగేపల్లిలో, మా నాయన బట్టలంగట్లో, చిక్కబళ్ళాపురం కొత్తగా జిల్లా అయిన కాలంలో. వారమంతా బెంగళూరు కాల్ సెంటర్లో కూర్చుని ఫోన్లో ముక్కూ మొహం తెలియనివాళ్ళ తిట్లు తినేవాణ్ని. ఆదివారం బస్సెక్కి ఇంటికొచ్చేవాణ్ని. ఒంట్లో మిగిలిన కాస్త సత్తువనూ మా బ్యాండు పీల్చేసేది. నేను పాట, పక్కనున్న తొండేభావి ఊరివాడు గిటారు, చింతామణి నుంచి వచ్చిన మరొకడు డ్రమ్ములు. మూడు నిమిషాల తెలుగు పాటలు, ఇట్టే నోటికి పట్టే వరసలు, చెవులు గింగురుమనే గిటార్లు. దాన్ని పవర్ పాప్ అంటారని తర్వాత పేపర్లో రాస్తేనే తెలిసింది. ముగ్గురమూ మగవాళ్ళను ఇష్టపడే మగవాళ్ళమే. నేనూ తొండేభావివాడూ అయితే ఒకరినొకరం ఇష్టపడ్డాం. మామూలు పాటలో "ఆమె" ఉండేచోట మా పాటలో "వాడు" ఉండేది, అంతే తేడా. ఏ పాటల కంపెనీ మా జోలికి రాలేదు కాబట్టి సీడీలు మేమే వేసుకుని మేమే పంచుకునేవాళ్ళం.

అలాంటి మమ్మల్ని ఒక శుక్రవారం బెంగళూరు ఇంగ్లీషు పేపరొకటి ఫోటో వేసి మరీ అరపేజీ పొగిడింది. ఆ ఎండిన ఊళ్ళ నుంచి ఇంత తీయటి హోరు ఎలా పుట్టిందని ఆశ్చర్యపోయింది. తమ ప్రేమను దాచుకోకుండా పాడే ఈ గే కుర్రాళ్ళ పాటలో పెద్ద కంపెనీల పాటల్లో లేని నిజాయితీ ఉందంది. చివర్లో మాత్రం ఒక్క వాక్యం, గాయకుడికి పై స్థాయిలో శృతి నిలవదని. నాయనకు తెలుగూ కన్నడమూ కొట్టినపిండి, ఇంగ్లీషు అంకెల వరకే. ఎదురంగడాయన ఫోటో చూపించగానే పేపరు పట్టుకుని చిక్కబళ్ళాపురం పోయాడు. జిల్లా ఆఫీసుల ముందు లామినేషన్ చేయించి (కుల సర్టిఫికెట్లవాళ్ళ వెనక అరగంట క్యూలో నిలబడ్డాడట, పాపం) అంగట్లో నిలువుటద్దం పక్కన తగిలించాడు. చీర భుజాన వేసుకుని చూసుకునే ప్రతి ఆడమనిషికీ చీరతోపాటు నేనూ కనిపించేవాణ్ని.

ఇక ఆదివారాలు పోయినట్టే. పెళ్ళి బట్టలకని వస్తే పదిహేను మందికి తక్కువ రారు కదా, పరుపు నిండా కూర్చునేవాళ్ళు. "ఏమప్పా, అట్ల నిలబడుకుంటివి? ఈయమ్మవాళ్ళు దిబ్బూరహళ్ళి నుంచి వచ్చిండారు. మన గురించి ఏమి రాసిండారో తెలుగులో చెప్పు" అనేవాడు నాయన. నేను చెప్పేవాణ్ని. "పవర్ అంటే కరెంటేనా?" అని ఒక పెద్దాయన అడిగితే, "అయితే మన ఊర్లో వీళ్ళు పాడేది కష్టం" అని నాయనే నవ్వేవాడు. నేను రెండుచోట్ల వదిలేసి చదివేవాణ్ని. గే అన్నచోట భయంతో, శృతి దగ్గర పొగరుతో. చదివీ చదివీ ఆ పొగడ్తంటేనే నాకు రోత పుట్టింది.

అంతటితో ఆగితే బాగుండేది. ఇంగ్లీషు పేపర్లో పడ్డ కుర్రాడని చింతామణి నుంచి సంబంధం వచ్చింది. అమ్మ అప్పుడే లగ్నపత్రిక దాకా వెళ్ళిపోయింది. తొండేభావివాడు విని, "ఇంట్లో చెప్తావా, నన్ను ఇడిసిపెడతావా? రెండిట్లో ఒకటి చెయ్" అన్నాడు. ఆ తర్వాత నాతో మాట్లాడటం మానేశాడు. వాడు లేకపోతే నాకు పాటా లేదు, బతుకూ లేదు. అయినా ఇంట్లో చెప్పలేదు.

ఆ ఆదివారం చీరల మిషతో పిల్లనే అంగడికి తీసుకొచ్చారు. ఆమె చీర భుజాన వేసుకుని, అద్దం వదిలేసి పక్కనున్నది చదవసాగింది. ఆమె ఇంగ్లీషు టీచరని నాకెవరూ చెప్పలేదు. ఆఖరి దాకా చదివి, నా వైపొకసారి చూసి, చీర మడిచి పెట్టేసింది. "నాకొద్దు నాయనా. ఈయప్పకు శృతి లేదంట, పేపర్లోనే రాసిండారు. శృతి లేనోనితో సంసారం యాడ చేసేది?" అంది వాళ్ళ నాయనతో. వెళ్తూ వెళ్తూ గడప దగ్గర, "ఇంకొకామె చదవక ముందే మీరే చెప్పేయండన్నా" అని నాకు మాత్రమే వినపడేట్టు అంది. తల్లీ, నువ్వెక్కడున్నా చల్లగా ఉండాలి!

వాళ్ళు బస్సెక్కారో లేదో నాయన ఆ పేపరును గోడ నుంచి పీకాడు. "శృతి లేదని రాసిండారా? ఇన్ని వారాలు చదివితివి, ఆ మాట యాడ పాయె? మొత్తం చదువు. ఒక్క మాట ఇడిస్తే చూడు!"

ధైర్యం వచ్చి చదివానని చెప్పను. దాచీ దాచీ అలిసిపోయి చదివాను. గే అంటే ఏమిటని అడిగాడు. "నేనూ తొండేభావివాడూ మొగుడూ పెళ్ళాం మాదిరి ఉండాము నాయనా" అన్నాను. నాయన మడిచిన చీరనే విప్పి మళ్ళీ మడిచాడు.

"మొన్న మనింట్లో రాగిముద్ద అడిగి అడిగి పెట్టించుకున్నాడే, ఆ పిల్లోడా?"

"ఊఁ."

"ఇంతమంది ముందర నిన్ను నిలబెట్టి నేనే చదివిస్తిని గదప్పా" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. నాయన లేచి చెప్పులేసుకున్నాడు. "అమ్మకు నేను చెప్తా. నువ్వు చెప్పద్దు. నీకు ఇడిసి చదివే అలవాటుండాది."

నాయన ఏమీ వదలకుండా చెప్పాడని, అమ్మ రెండు రోజులు అన్నం ముట్టకపోవడంతో తెలిసింది. సంబంధాలు ఆగిపోయాయి. బ్యాండూ ఆగిపోయింది. సంగతి తెలిసి తిరిగొచ్చిన తొండేభావివాడు మాత్రం ఆగలేదు, ఇదిగో పక్కగదిలో గురక పెడుతున్నాడు. ఇంకొక్కటి ఒప్పుకోవాలి. ఆ రోజు నాయన మొత్తం చదవమన్నప్పుడు, గే అన్న మాట ఎలాగో నోట్లోంచి వచ్చేసింది. శృతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం, "కొంచెం తక్కువ" అని నేనే కలిపి చదివాను.