మాకెకెత్సో అమ్మ నోట రాని పేరు

మాకెకెత్సో అమ్మ పిలిచిందంటే మా జీన్స్ ఫ్యాక్టరీలో మిషన్ల మోత దాటి ఆ చివర గోడ దాకా వినిపిస్తుంది. మపుత్స్వే ఊళ్ళో అంత గొంతు ఇంకొకరికి లేదని అందరూ అంటారు. అలాంటి మనిషి, జట్టు నాయకురాలిగా నిలబడిన మొదటి ఉదయం, అరవాల్సిన ఒక్క మాట అరవలేక దగ్గి ఊరుకుంది.

నేను దారాలు కత్తిరించే బల్ల దగ్గర పని చేస్తాను. మా అమ్మ జబ్బు పడ్డప్పుడు బడి మానేసి ఇక్కడ చేరాను. పెద్దగా మాట్లాడను కానీ, ఆ బల్ల దగ్గర నుంచి అందరి ముఖాలూ కనిపిస్తాయి. ఆ ఉదయం ఆమె ముఖం కూడా చూశాను. భయపడినట్టు లేదు. గడప ముందు కాలు ఆగిపోయినట్టు ఉంది.

ఆమె మా వరస ఇళ్ళలోనే, మా గదికి రెండు తలుపుల అవతల ఉంటుంది. కొండల్లోని ఊరికి కోడలిగా వెళ్ళి, తర్వాత పని కోసం ఇక్కడికి దిగొచ్చింది. పిల్లవాడు పుట్టకముందే అత్తింటివాళ్ళు ఆమెను మాకెకెత్సో, అంటే కెకెత్సో తల్లీ, అని పిలిచారు, తర్వాత పుట్టినవాడికి ఆ పేరే పెట్టారు. భర్త సరిహద్దు అవతల గనిలో పని చేసేవాడు. గని మూతపడ్డాక తిరిగొచ్చి టాక్సీలు ఆగేచోట చెప్పులు కుడుతున్నాడు. కొండమీద చలికి తట్టుకోలేక మామగారు కూడా దిగొచ్చి వీళ్ళ దగ్గరే ఉంటున్నాడు. ఇన్నేళ్ళూ ఆమె ప్యాంట్లకు వెనక జేబులు కుట్టింది.

ఆమెకు మనుషుల సంగతి తెలుసు. ఒకసారి ఒక మగవాడి గురించి పుసెలెత్సో, తెబెల్లో మాటలు మానుకుని, పక్కపక్క మిషన్ల మీద ఉండీ పని అందించుకోలేదు. ఈమె తిట్టలేదు. ఒకరి కత్తెర తీసుకెళ్ళి దాచేసింది. ఇక ఇద్దరికీ ఒకటే కత్తెర మిగిలింది. మధ్యాహ్నానికి "ఇటివ్వవే" అనక తప్పలేదు. సాయంత్రానికి ఆ మగవాణ్ణి ఇద్దరూ కలిసి తిట్టుకుంటూ గేటు దాటారు.

లియావ్ గారు కొత్త మేనేజరు. సముద్రం అవతల ఇదే కంపెనీకి ఉన్న ఇంకో ఫ్యాక్టరీ నుంచి వచ్చాడు. అక్కడ ఒక్కొక్కరు ఒక్కో ముక్క మాత్రమే కుట్టే వరసలు తీసేసి జట్లు పెట్టారట. ఒక్కో జట్టు ప్యాంటు మొత్తం తనే కుడుతుంది. ప్రతి జట్టుకీ ఒక పేరు ఉంటుంది. పొద్దున్నే నాయకులు ఆ పేరు గట్టిగా అరిచి పని మొదలుపెడతారు. అక్కడ బాగా సాగింది కాబట్టి ఇక్కడా పెట్టారు. ఇక్కడా కుదిరితే చలికాలపు పెద్ద ఆర్డరు మాకు వస్తుంది. లేకపోతే వేరే దేశానికి పోతుంది. నాలుగు జట్లలో ముగ్గురు నాయకులు ఎప్పటిలాగే బయటి నుంచి వచ్చారు. నాలుగో జట్టుకు మాత్రం, మొట్టమొదటిసారి, మాలో ఒకరిని పెట్టాడు.

"ఈవిడ నిలబడితే తర్వాతి నాయకులందరూ మీలోంచే. నిలబడకపోతే మళ్ళీ బయటి నుంచే తెప్పించమంటారు పైవాళ్ళు" అని ముందే చెప్పాడు.

పేర్లు మా భాషలోనే ఉండాలని ముచ్చటపడి డ్రైవరును అడిగాడు. డ్రైవరు చిరుతనూ ఏనుగునూ అడవి దున్ననూ సింహాన్నీ చెప్పాడు. గౌరవమని సింహాన్ని మాకెకెత్సో అమ్మకిచ్చి, పెద్ద బొమ్మ వేయించి ఆమె తలపైన తగిలించాడు. కింద రంగు అక్షరాల్లో "తౌ" అని రాయించాడు. మా భాషలో సింహం అంటే తౌ.

ఆమె మామగారి పేరు కూడా తౌ.

కోడలు మామగారి పేరు పలకదు. ఆ పేరు కలిసే మాట ఇంకేదీ కూడా పలకదు. టీవీలో సింహం కనిపిస్తే ఆమె "ఆ జూలుది" అంటుంది. పక్కింటి పిల్లాడి పేరు కూడా తౌ కావడంతో వాణ్ణి పుట్టినప్పటి నుంచీ "చిన్నాయనా" అనే పిలుస్తుంది.

మొదటి రోజు దగ్గింది. రెండో రోజు చెయ్యెత్తి ఊరుకుంది. మూడో రోజు లియావ్ గారు ఆమె పక్కకొచ్చి, నేర్చుకున్న నాలుగు ముక్కల్లో "అమ్మా, గట్టిగా, గట్టిగా" అన్నాడు. ఆమె నేలకేసి చూసింది.

గేటు బయట నూనె బూరెలు అమ్మేచోట పుసెలెత్సో మొదలుపెట్టింది.

"ఏం అమ్మా, గొంతులో ఎముక ఇరుక్కుందా?"

"నవ్వవే, నీకేం!"

"వెళ్ళి చెప్పొచ్చుగా ఆయనకి."

"ఏమని చెప్పను? ఏ పేరు పలకలేనో చెప్పాలంటే ఆ పేరే పలకాలి కదే!"

తెబెల్లో నోట్లో బూరె పెట్టుకునే నవ్వింది. "బొమ్మ చూపించి వద్దని తల అడ్డంగా ఊపు."

"బొమ్మ అంటే భయమనుకుంటాడు."

"మేం చెప్తాంలే."

"వద్దు. మనవాళ్ళకి మొదటిసారి ఇచ్చిన కుర్చీ. ఎక్కీ ఎక్కకముందే కుర్చీ బాగాలేదంటే, వీళ్ళకు ఎందుకిచ్చామా అనుకుంటారు."

తెబెల్లో మిగిలిన బూరెను కాగితంలో చుట్టేసింది.

శుక్రవారం ఆఫీసుకు రమ్మన్నారు. ఒక్కర్తే వెళ్ళలేక నన్ను వెంటపెట్టుకుంది. నేను తలుపు దగ్గర నిలబడ్డాను. మాటలు అటూ ఇటూ మార్చి చెప్పడానికి సెహ్లాబో గారు ఉన్నాడు. జొహన్నెస్‌బర్గ్‌లో పెరిగినవాడు. మా ఇంటి పద్ధతులు సగం తెలుసు, సగం విన్నాడు.

"వచ్చే గురువారం పైఆఫీసు వాళ్ళూ, సరుకు కొనే కంపెనీ ఆవిడా వస్తున్నారు" అన్నాడు లియావ్ గారు. "నాయకురాలు తన జట్టు పేరే చెప్పకపోతే వాళ్ళకి నేనేం చెప్పాలి?"

"ఏంటమ్మా సంగతి?" అన్నాడు సెహ్లాబో గారు.

ఆమె ఆఫీసు కిటికీలోంచి కనిపిస్తున్న తన జట్టు బొమ్మ వైపు గడ్డంతో చూపించి, "అది మా మామగారు" అంది.

సెహ్లాబో గారు ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చాడు. "ఆవిడ మామగారు సింహం అంటోంది."

లియావ్ గారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఇంట్లో అంత కోపమా ఆయనకి?"

"అలాగే ఉన్నట్టుంది."

"కోడలు నాయకురాలు కావడం ఇష్టం లేదా?"

సెహ్లాబో గారు భుజాలెగరేశాడు. ఆమెకు ఇంగ్లీషు కొంత అర్థమవుతుంది. అర్థమైనకొద్దీ ముఖం ఇంకా కిందికి వంగిపోయింది. కాదని చెప్పాలంటే మళ్ళీ ఆ పేరు దగ్గరికే రావాలి.

"నా ఫ్యాక్టరీ కోసం ఒక ఇంట్లో గొడవ పెట్టను" అన్నాడు లియావ్ గారు, చాలా మెత్తగా. "పెద్దాయనకు ఇష్టం లేకపోతే మర్యాదగానే పాత మిషను దగ్గరికి పంపిస్తాను."

మెత్తగా అనడమే ఆమెకు తగిలింది. తిట్టి ఉంటే తిరిగి ఏదో ఒకటి అనేది. దారిలో నాతో ఒక్కటే అంది. "మళ్ళీ జేబులు కుట్టడమేలే, అలవాటేగా."

ఆదివారం నేను కుళాయి దగ్గర బట్టలు ఉతుకుతున్నాను. కంపెనీ బండి వచ్చి మా వరస ముందు ఆగింది. సంచీ నిండా నారింజలు పట్టుకుని లియావ్ గారు దిగాడు. వెనకే చర్చి బట్టల్లో చిరాగ్గా సెహ్లాబో గారు. మామగారు దుప్పటి కప్పుకుని, బోర్లించిన రంగు డబ్బా మీద ఎండలో కూర్చుని ఉన్నాడు. మాకెకెత్సో అమ్మ వాళ్ళను చూసి లోపలికి తప్పుకుంది. తలుపు సందులోంచి ఆమె తలగుడ్డ అంచు మాత్రం కనిపిస్తోంది.

లియావ్ గారు రెండు చేతులతో నారింజలు ఇచ్చి వంగాడు. "పెద్దాయనా, మీ కోడల్ని జట్టు నడపనివ్వమని అడగడానికి వచ్చాను." సెహ్లాబో గారు ఆ మాట మా భాషలోకి మార్చాడు.

"నడపొద్దని నేనెప్పుడన్నాను?" అన్నాడు ముసలాయన. "ఏ జట్టు?"

"తౌ."

"ఆఁ, చెప్పు" అన్నాడు ముసలాయన.

"తౌ."

"ఇక్కడే ఉన్నానుగా నాయనా, నన్నెందుకు అన్నిసార్లు పిలుస్తావు?"

సెహ్లాబో గారు నుదుటి మీద ఠప్పున కొట్టుకున్నాడు. "అయ్యో! ఈయన పేరే! ఈయన పేరే అది!"

అతను గుక్క తిప్పుకోకుండా లియావ్ గారికి అంతా చెప్పాడు. ముసలాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు. తలుపు వెనక కూడా నవ్వును నోట్లో కుక్కుకుంటున్న చప్పుడు వినిపించింది. లియావ్ గారు మాత్రం మెల్లిగా మా నీళ్ళ బకెట్టు బోర్లించుకుని దాని మీద కూర్చున్నాడు. మనిషి ఒళ్ళు తేలికపడ్డట్టు కనిపించింది.

"నేనూ మా తాత పేరు ఇప్పటిదాకా నోటితో అనలేదు" అన్నాడు. "ఈవిడకు జట్టంటే ఇష్టం లేదేమో అనుకున్నాను. ఇదా! రేపే పేరు మార్చేస్తాను. గద్ద అని పెడతాను."

ముసలాయన నవ్వు ఆగిపోయింది. "మార్చడమెందుకు? ఇన్నేళ్ళకు పొద్దున్నే నా పేరు అరిచేవాళ్ళు దొరికారు. ఇప్పుడు గద్దంటావా?"

"మరి ఆవిడ పలకకూడదు కదా?"

"ఆమె పలకొద్దు. ఆమె అడగాలి, జనం చెప్పాలి. మా ఊరి దొర వస్తుంటే తన పేరు తానే అరుచుకుంటూ వస్తాడా? వెనకాల వచ్చేవాళ్ళు అరుస్తారు." ఇంటివైపు తిరిగి, "విన్నావా, కెకెత్సో తల్లీ?" అన్నాడు.

"విన్నాను మామయ్యా" అని తలుపు వెనక నుంచి జవాబొచ్చింది. ఫ్యాక్టరీలో వినిపించే అసలు గొంతుతోనే వచ్చింది. లియావ్ గారు ఉలిక్కిపడ్డాడు.

గురువారం పైఆఫీసువాళ్ళు మెడలో కార్డులు వేసుకుని వరసగా నడిచొచ్చారు. చిరుత జట్టు నాయకుడు అరిచాడు. దున్న జట్టు నాయకుడు అరిచాడు. ఏనుగు కూడా అయింది. జట్లలోని ఆడవాళ్ళు చూస్తూ నిలబడ్డారు. అప్పుడు మాకెకెత్సో అమ్మ బొమ్మ కిందికి వచ్చి, తలగుడ్డ సర్దుకుని, జట్టు వైపు తిరిగింది. నేను కత్తెర కింద పెట్టేశాను.

"ఎవరం మనం?"

"తౌ!"

పైన రేకులు మోగాయి. సరుకు కొనే ఆవిడ ఒక చెవి మూసుకుని నవ్వేసింది. మాకెకెత్సో అమ్మ మళ్ళీ అడిగింది. వాళ్ళు మళ్ళీ చెప్పారు. ఈసారి మా బల్ల దగ్గరివాళ్ళం కూడా అరిచాం. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. లియావ్ గారు ఇన్నాళ్ళూ చెవుల దాకా ఎత్తిపెట్టుకున్న భుజాలు దిగాయి.

తర్వాతి వారం ఆర్డరు మాకే అని చెప్పారు. నాలుగు జట్లలోనూ ఇకనుంచి నాయకులు అడగాలనీ, జట్టే చెప్పాలనీ పైనుంచి మాట వచ్చింది. కొత్తగా పెట్టే రెండు జట్లకు నాయకులను మాలోంచే చూస్తున్నారు. పుసెలెత్సో తన పేరు ఇచ్చింది. "నాకు ఏ జంతువైనా ఫరవాలేదు, నాకింకా పెళ్ళే కాలేదు" అని లియావ్ గారితోనే అంది.

ఆ గురువారం ముసలాయన తన మంచి దుప్పటి కప్పుకుని, చేతికర్రతో పొద్దున్నే ఫ్యాక్టరీ కంచె బయట నిలబడ్డాడని గేటు కాపలా అతను చెప్పాడు. "ఇక్కడేం పని తాతా?" అంటే, "లోపల నన్ను పిలుస్తారు" అన్నాడట.

సాయంత్రం మేం ఇంటికొచ్చేసరికి నారింజ తొక్క తీసుకుంటున్నాడు. కోడలు పళ్ళెంలో గంజిముద్దా ఆకుకూరా పెట్టి అందించి, ఆయన ఏమంటాడా అని నిలబడింది.

"బాగుంది" అన్నాడు. ఇంకో ముద్ద తీసుకుని, "మొదటి పిలుపు మాత్రం కాస్త తగ్గింది" అన్నాడు.

"రేపు చెబుతాను మామయ్యా వాళ్ళకి" అంది మాకెకెత్సో అమ్మ.